కొండకి మంచి నెల

మా తోడికోడలు యూరప్ వెళ్ళొచ్చింది. ఏ రోజు ఏ దేశంలో ఉండాలో, ఏ పూట ఏ కొండ ఎక్కాలో, వాన పడితే ఎటు మళ్ళాలో, మొత్తం ప్రయాణం వేసిపెట్టింది నేను. వెళ్ళింది తను. ఆ రోజుల్లో నేను తెనాలిలో ఎనిమిదో తరగతి పిల్లలకి సాంఘిక శాస్త్రం చెప్పుకుంటూ ఉన్నాను. ఇలా మొదలుపెడితే ఈవిడెవరో బాగా కుళ్ళుమోతులా ఉందే అనుకుంటారు. అనుకోండి, అందులో అబద్ధమేం లేదు.

ముందు మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ కోడళ్ళకి ఏది కొన్నా రెండు కొనేవారు. ఒకే రంగు, ఒకే అంచు. పెళ్ళిళ్ళలో మేమిద్దరం పక్కపక్కన నిలబడితే బ్యాండు మేళం వాళ్ళకి యూనిఫారం కుట్టించినట్టు ఉండేది. కుక్కర్లు రెండు, గొడుగులు రెండు, ఆఖరికి తలనొప్పి మందు సీసాలు కూడా రెండే. ఆవిడ పోయారు గానీ ఆ అలవాటు పోలేదు. నేను గుంటూరులో చీర కొంటే తనకీ ఒకటి తీస్తాను, తను చీరాల వెళ్తే నాకూ ఒకటి తెస్తుంది. ఇన్నేళ్ళుగా మా మధ్య పేచీ రాలేదంటే అది మా మంచితనం కాదు, ఈ రెండేసి పద్ధతి. యూరప్ మాత్రం ఒక్కటే వచ్చింది, అదీ తనకి వచ్చింది.

మా ఆయనది వ్యవసాయం. పొలం రేపల్లె దగ్గర, కాపురం నా ఉద్యోగం కోసం తెనాలిలో. పొద్దున్నే రేపల్లె రైలెక్కి వెళ్తారు, సాయంత్రానికి కాళ్ళకి బురదతో తిరిగొస్తారు. భారీ మనిషి. దుకాణంలో కుట్టి అమ్మే చొక్కాలు ఏవీ ఆయనకి పట్టవు, గుడ్డ కొని టైలరుకి ఇవ్వాల్సిందే. ఆయన తమ్ముడు, అంటే మా మరిది, బాపట్లలో రొయ్యల మేత వ్యాపారం చేస్తాడు. అతను మాత్రం చువ్వలా ఉంటాడు. ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలంటే కొత్తవాళ్ళు నమ్మరు.

పోయిన మాఘమాసంలో బంధువుల పెళ్ళికని వాళ్ళిద్దరూ తెనాలి వచ్చి, ఆ పూట మా ఇంట్లోనే భోజనానికి కూర్చున్నారు. వంకాయ కూర, గోంగూర పప్పు, పెరుగు. భోజనం ముగింపుకొచ్చాక మరిది గొంతు సవరించుకున్నాడు.

"వదినా, మీ సలహా ఒకటి కావాలండి. యూరప్ వెళ్దామనుకుంటున్నాం. కొండలు చూడాలని. మే నెల అయితే అన్నిటికీ వీలుగా ఉంటుందని అనుకున్నాం. మీరేమంటారు?"

నన్ను ఎవరూ సలహా అడగరు. బళ్ళో పిల్లలు వింటారంటే వాళ్ళకి వేరే దారి లేదు కాబట్టి. ఇంట్లో అయితే నేను నోరు తెరిచేసరికి మా ఆయన పేపరు తిప్పుతారు. అలాంటిది నలుగురి మధ్య కొండల గురించి అడిగేసరికి నాకు పూనకం వచ్చినంత పనైంది.

"మే ఏంటబ్బాయ్?" అన్నాను. "మేలో వెళ్ళి ఏం చూస్తారు?"

"మేలో అందరికీ సెలవులు కదక్కా," అంది తోడికోడలు మెల్లిగా.

"కొండలకి కూడా సెలవులే. పైకెళ్ళే రోప్‌వేలు చాలావరకు ఆ నెలలో ఆపేసి మరమ్మతులు చేసుకుంటారు. కనుమదారుల మీద మంచు ఇంకా కరగదు, మూసి ఉంటాయి. జూన్, జూలై అంటారా, మధ్యాహ్నం అయ్యేసరికి ఉరుములు, పిడుగులు. కొండ చూడాలంటే సెప్టెంబరు ఆఖర్న బయల్దేరి అక్టోబరులో చూడాలి. గాలి తేటగా ఉంటుంది. ఆకులు పసుపుపచ్చగా మారి ఉంటాయి. కొండకి మంచి నెల అక్టోబరే."

మరిది వాళ్ళ అన్నయ్య వైపు చూశాడు. మా ఆయన ఏదో అనబోయారు. నేను అప్పటికి ఆల్ప్స్ పర్వతాల ఉత్తరం వైపు వాతావరణానికీ దక్షిణం వైపు వాతావరణానికీ తేడా చెబుతున్నాను. మధ్యలో ఆపితే నాకు నచ్చదు. ఆయన తల వంచుకుని పెరుగన్నం కలుపుకున్నారు.

నాకీ కొండల పిచ్చి ఎక్కడిదని అడుగుతారు. నేను పుట్టింది కొల్లిపరలో. అక్కడ ఎత్తంటే కృష్ణ కరకట్ట. అది ఎక్కి నిలబడితే అటు నది, ఇటు చేలు, ఎటు చూసినా నేల చాప పరిచినట్టే. చిన్నప్పుడు అట్లాసులో మా జిల్లా అంతా పచ్చరంగు వేసి ఉండేది, కొండలున్న చోట గోధుమరంగు. ఆ గోధుమరంగు మీద వేలు పెట్టి రాసేదాన్ని, చేతికి గరుకుగా తగులుతుందేమోనని. పెద్దయ్యాక తిరుమల కొండ బస్సులో ఎక్కాను, మంగళగిరి మెట్లు ఎక్కాను, అంతే. ఈ మధ్య నాలుగైదేళ్ళుగా పొద్దున్నే కాఫీ తాగుతూ ఫోన్లో ఆల్ప్స్ కొండల మీద పెట్టిన కెమెరాలు చూస్తాను. అక్కడ ఏ శిఖరం మీద ఎంత మంచు పడిందో నాకు తెలుసు. మా వీధిలో ఎవరింట్లో ఏం జరిగిందో తెలియదు.

సరే, వాళ్ళు అక్టోబరుకి మార్చుకున్నారు. నలుగురైదుగురు బంధువులు అప్పుడే "యూరప్ అంటగా" అని అడగడం మొదలుపెట్టారు. నాకు అప్పటినుంచే మొదలైంది. మొదట్లో కాస్త మంట, భోజనం పడనప్పుడు గుండెల్లో వచ్చేలాంటిది.

పరీక్షల పేపర్లు దిద్దడానికి బాపట్ల వెళ్ళినప్పుడు మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. పడకగదిలో మంచం మీద ప్లాస్టిక్ కవర్లలో కోట్లు పరిచి ఉన్నాయి. ముదురు నీలం రంగు, లోపల దూది కుక్కిన చలికోట్లు. రెండు కాదు, నాలుగు. మనుషులు ఇద్దరు. ఒకటి ఎత్తి పట్టుకుని చూస్తే మా మరిది లాంటి వాళ్ళు ఇద్దరు దూరేటట్టుంది.

"ఇదేంటి, ఇంత పెద్దది?" అన్నాను.

తను గబగబా వచ్చి నా చేతిలోంచి తీసుకుంది. "ఊరికే అక్కా, పోయిన చలికాలం తగ్గింపులో వస్తే ఈయన తెచ్చి పడేశారు," అంటూ నాలుగూ తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది.

తాళం వేసింది. నా దిష్టి తగులుతుందనుకుంది కాబోలు. నా కళ్ళెదుట బీరువాకి తాళం వేయడం మా పెళ్ళిళ్ళయ్యాక అదే మొదటిసారి. మనిషికి రెండేసి కోట్లు, ఒకటి తడిస్తే ఇంకొకటి అన్నమాట, ఎంత డాబు అనుకుంటూ తెనాలి రైలెక్కాను. దారంతా కిటికీ బయటకి చూస్తూ ఆ కోట్లనే తలుచుకుని కుళ్ళుకున్నాను. అత్తగారు ఉంటే రెండు తనకి, రెండు నాకు పంచి ఉండేవారు.

అయినా ప్రయాణం వేయడం మానలేదు. మానితే అసూయ అనుకుంటారు కదా. అదీగాక, ఇంత ఇష్టమైన పని నాకు జన్మలో ఎప్పుడూ దొరకలేదు. ఆ వేసవంతా, బళ్ళు తెరిచాక కూడా, రోజూ కాసేపు దాని మీదే కూర్చున్నాను. మరిది ఇచ్చిన మేత కంపెనీ గోడ క్యాలెండరు మీద రంగు పెన్సిళ్ళతో గుర్తులు పెట్టాను. మ్యూనిక్‌లో దిగడం, అక్కడినుంచి ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్, కనుమ దాటి ఇటలీ వైపు డోలమైట్స్, చివర్లో స్విట్జర్లాండ్. కొండ రోజులు ఏవీ ముందే ఖాయం చేయలేదు. ఒక్కో చోట నాలుగు రోజులు ఉండి, అందులో ఎండ కాసిన రోజు పైకి వెళ్ళాలి, మబ్బు పట్టిన రోజు ఊళ్ళో చర్చిలు, మ్యూజియాలు చూసుకోవాలి. ఉత్తరం నుంచి మబ్బులొచ్చి కొండకి కొట్టుకుంటే ఇటువైపు వాన, అటువైపు ఎండ. కేరళలో వాన పడుతుంటే కనుమల ఇవతల ఎందుకు పడదో ఏటా పిల్లలకి బోర్డు మీద గీసి చెబుతాను. అదే బొమ్మ, కొండలే కాస్త పెద్దవి.

తోడికోడలు ఫోన్ చేసేది.

"అక్కా, ఆ ఇటలీకి మారే రోజు వర్జ్యం ఉందంట. మర్నాడు మారకూడదా?"

"మర్నాడు అక్కడ వాన ఉంటే?"

"ఇప్పటినుంచే ఎలా తెలుస్తుందక్కా?"

"తెలియదు. అందుకే వర్జ్యం చూడొద్దంటున్నాను. ఆకాశం చూడు."

ఇలా నేను ఆకాశం చూడమనేదాన్ని, తను పంచాంగం చూసేది. ఫోన్ పెట్టేశాక నాకు ఒళ్ళు మండేది. ఇంత చెప్పినా ఆ పిల్లకి కొండ అంటే ఫోటో దిగే చోటు. దాని రాళ్ళు ఎలా పుట్టాయో, దాని నీడ ఏ ఊరి మీద పడుతుందో తనకి అక్కర్లేదు. అక్కర్లేనివాళ్ళకి దొరుకుతుంది. నాకు సముద్రమట్టానికి ఇంత ఎత్తు అని శిఖరాల పేర్లన్నీ నోటికొచ్చు, కళ్ళతో చూసే రాత మాత్రం లేదు.

ఒకరోజు ఉండబట్టలేక మా ఆయన్ని అడిగాను. "మనం కూడా వాళ్ళతో వెళ్తే ఎలా ఉంటుందంటారు?"

"అక్టోబరులోనా?" అన్నారు ఆయన. నా మొహంలోకి కొంచెంసేపు చూశారు. "వరి కంకులేసే రోజులు, చేను ఈనిక మీద ఉంటుంది. తుఫాన్లొచ్చే రోజులు. అప్పుడు నేనెక్కడికి కదుల్తాను?"

ఇంకా ఏదో అంటారనుకున్నాను. మజ్జిగ ఇవ్వమన్నారు. ఇచ్చాను, గ్లాసు కాస్త గట్టిగానే పెట్టి. పొలం తప్ప ఈ మనిషికి లోకంలో ఇంకేమీ కనపడదని ఆ రోజంతా సణుక్కుంటూనే ఉన్నాను.

సెప్టెంబరు ఆఖర్న వాళ్ళు హైదరాబాదు రైలెక్కారు. రైలు తెనాలిలో ఆగినప్పుడు నేను స్టేషనుకి వెళ్ళి కారప్పొడి, గోంగూర పచ్చడి, పులిహోర ఇచ్చాను. మా తోడికోడలు పంజాబీ డ్రెస్సు కింద పెద్ద పెద్ద నడక బూట్లు వేసుకుంది. ఆ బూట్లు ఏవి కొనాలో కూడా నేనే చెప్పాను. కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, "మీరు రావాల్సింది అక్కా," అంది. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. నేను నవ్వాను, కానీ లోపల మాత్రం, పుండు మీద కారం చల్లడానికి కూడా ఒక పద్ధతి ఉంటుందిలే అమ్మాయ్ అనుకున్నాను. రైలు కదిలాక ప్లాట్‌ఫాం మీద టీ తాగి, ఆటో ఎక్కి బడికి వెళ్ళిపోయాను.

అప్పటినుంచి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఫోటోలు పడ్డం మొదలైంది. ఇన్స్‌బ్రుక్‌లో వాన. నేను ఫోన్ చేసి, "రేపు అక్కడే ఉంటే తడిసి ముద్దవుతారు, కనుమ దాటి ఇటలీ వైపు దిగిపోండి, అటు ఎండ ఉంది," అన్నాను. దిగారు. అటు నిజంగానే ఎండ. డోలమైట్స్‌లో సూదిమొనల్లాంటి రాళ్ళ కింద పసుపుపచ్చ చెట్లు, వాటి ముందు మా మరిది, చేతులు బారజాపి. చుట్టాలందరూ ఒకరి తర్వాత ఒకరు మెచ్చుకున్నారు. "ఏం ప్లానింగ్ అబ్బాయ్," అన్నారు. "టైము చూసి కొట్టావు," అన్నారు. మా మరిది దండం పెడుతున్న బొమ్మ పెట్టాడు. వదిన వేసిన ప్లాన్ అని ఒక్క ముక్క రాయలేదు. ఫోన్ తిరగేసి బల్ల మీద పెట్టి చపాతీ పిండి కలిపాను. ఆ రోజు పిండి మెత్తగా కుదిరింది.

తర్వాత స్విట్జర్లాండ్. నా క్యాలెండరులో అన్నిటికంటే పెద్ద కొండ అక్కడే, ఆ నాలుగు రోజులూ నేను ఎరుపు రంగు పెన్సిలుతో దిద్దినవి. సరస్సు ఒడ్డున ఊరు, అక్కడినుంచి నిటారు కొండ ఎక్కే పళ్ళచక్రం రైలులో సగం దాకా, పైన రోప్‌వే. పైకెక్కితే మంచు శిఖరాలు వరసగా కనిపిస్తాయి. నేను రోజూ కాఫీతో చూసే కెమెరా సరిగ్గా ఆ కొండ మీదిదే.

ఆ రోజుల్లోనే ఇక్కడ బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. తీరం దగ్గరికొస్తోందని బళ్ళకి సెలవిచ్చారు. మా ఆయన తెల్లవారకముందే రేపల్లె వెళ్ళిపోయారు, చేలోంచి నీరు పోయేందుకు బోదెలు తవ్వించాలని. నేను ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. బయట గాలి, కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నాయి. అప్పుడు తోడికోడలు ఫోన్ చేసింది.

"అక్కా, ఇక్కడేం కనపడ్డం లేదు. అంతా మబ్బు. సరస్సు కూడా కనపడ్డం లేదు. నాలుగు రోజుల్లో ఇదే ఆఖరుది. ఈయన పైకి వెళ్ళడం దండగంటున్నారు. టికెట్లు వద్దని, బజారుకెళ్ళి చాక్లెట్లు కొందామంటున్నారు."

"పైన ఎలా ఉందో చూశారా?"

"పైన మాత్రం ఎలా ఉంటుందక్కా. ఇక్కడ మబ్బు పడితే పైనా మబ్బే కదా. మనకి బాపట్లలో ముసురు పడితే రేపల్లెలో ముసురు, తెనాలిలో ముసురు. అంతే కదా."

అంతే కాదు. కానీ మాలాంటి పల్లపు నేల మనుషులకి అంతకంటే తెలియదు. మాకు ఆకాశం ఒక్కటే దుప్పటి. బాపట్లలో చినుకు పడితే మా ఊళ్ళో ఆరేసిన బట్టలు తీసేస్తాం. నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే ట్యాబులో కొండ కెమెరా తెరిచాను. పైన ఎండ. మచ్చ లేని నీలం ఆకాశం, మంచు శిఖరాలు మెరుస్తూ వరసగా. వాటి కింద లోయలన్నీ తెల్లటి పొగమంచుతో నిండి, పాలపొంగులా ఉన్నాయి. ఆ పొంగు అడుగున ఎక్కడో మా తోడికోడలు చాక్లెట్ల కోసం తయారవుతోంది. శరదృతువులో అక్కడ చాలాసార్లు ఇలాగే అవుతుంది. చలిగాలి లోయలో కూరుకుపోయి కింద మంచు కమ్ముతుంది, పైకెళ్తే ఎండ.

ఊరుకుంటే సరిపోతుంది. "సరేలే, బజారుకెళ్ళండి," అంటే చాలు. ఎవరికీ తెలియదు. తను ఆ కొండ చూడదు, నేనూ చూడను, ఇద్దరికీ సమానం. అత్తగారి పద్ధతే నిలబడుతుంది. ఈ ఆలోచన వచ్చినప్పుడు నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

"పైకెళ్ళండి," అన్నాను. "ఇప్పుడే. ఆ కోట్లు వేసుకుని మొదటి రైలెక్కండి. కింద మబ్బు, పైన ఎండ. నేను చూస్తున్నాను."

మంచితనంతో చెప్పలేదు. ఇన్ని నెలలు కూర్చుని వేసిన ప్రయాణం, నా ఎర్ర పెన్సిలు రోజులు, చాక్లెట్ల పాలవుతుంటే చూడలేకపోయాను. కొండ తనది కావచ్చు, లెక్క నాది.

"తెనాలిలో కూర్చుని మీరు చూడ్డమేంటక్కా," అంది తను. అయినా వెళ్ళారు.

రెండు గంటల తర్వాత వీడియో కాల్ వచ్చింది. ముందు తెర అంతా తెలుపు, గాలి హోరు. తర్వాత తోడికోడలి మొహం, ముక్కు ఎర్రగా కంది ఉంది. "అక్కా," అంది. ఫోన్ మెల్లిగా తిప్పింది. నేను రోజూ చూసే కొండలే. కానీ కెమెరా బొమ్మలో ఎప్పుడూ మనిషి ఊపిరి వినపడదు, ఇందులో తన ఊపిరి వినపడుతోంది. ఒక్కో శిఖరం పేరు నేను చెప్పబోయి మానేశాను. తను ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను. తను చూసినందుకు ఏడ్చింది, నేను తను చూసినందుకు ఏడ్చాను. ఇంతలో ఇక్కడ కరెంటు పోయి వైఫై ఆగిపోయింది. తెర మీద కొండ సగంలో ఆగింది.

వాయుగుండం బాపట్లకి పైన తీరం దాటింది. మా చేను కొంత పడుకుంది. మా ఆయన కూలీలని పెట్టి పడిపోయిన దుబ్బులు కలిపి కట్టి నిలబెట్టించారు. వారం రోజులు ఆయన ఇంట్లో సరిగ్గా మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. ఆయనకి చేను దిగులు, నాకు కొండ దిగులు.

దీపావళి వెళ్ళాక తోడికోడలు ఒక్కతే బాపట్ల నుంచి మా ఇంటికొచ్చింది. చాక్లెట్లు, ఆవుగంట బొమ్మ, నాకొక కొండ ఫోటో. ఫోటో బాగుంది, అందుకే గోడకి పెట్టాలనిపించలేదు. అందరికీ ఎలా చెబుతోందో నాకు ముందే తెలిసింది. బంధువులతో, "కింద మబ్బున్నా పైకెళ్దామని నేనే పట్టుబట్టాను," అందంట. దాని గురించి నాలుగు మాటలు అందామని నేను సిద్ధంగా ఉన్నాను. తను పెద్ద సంచీ తెరిచి, కవర్లు కూడా విప్పని నీలం కోట్లు రెండు తీసి నా ఒళ్ళో పెట్టింది.

"ఇవి మీవి అక్కా."

"వాడనివి నాకెందుకు అంటగడుతున్నావు?"

"అంటగట్టడం కాదు. ఇవి మీకని కొన్నవే. మీకొకటి, బావగారికొకటి. దాచి దాచి నాకు కడుపుబ్బిపోతోంది, ఇంక నా వల్ల కాదు." తను నా పక్కన కూర్చుంది. "నలుగురం వెళ్దామనుకున్నారు ఈయన. మేలో బావగారికి పొలం పని ఉండదు, మీకు బడి ఉండదు. అందుకే మే అన్నాం. ఆ రోజు భోజనాల దగ్గర మీకు చెప్పాలనే అడిగారు. మీరు అక్టోబరు అనేశారు."

పెద్ద కోటు విప్పి చూశాను. మా ఆయన కొలత. బాపట్లలో ఆ మధ్యాహ్నం నేను చేత్తో పట్టుకుని వెక్కిరించిన కోటు.

"మరి నాకు చెప్పాలిగా?"

"ఈయన తర్వాత బావగారి దగ్గరికెళ్ళారు. అక్టోబరులో నేను కదల్లేను అన్నారు బావగారు. అయితే మళ్ళీ మే నెలకే మారుద్దామంటే ఒప్పుకోలేదు. ఆవిడ అంత గట్టిగా మంచి నెల అని చెప్పింది, మీరైనా మంచి నెలలో చూసి రండి, ఆవిడకి మాత్రం తెలియనివ్వకండి, తన నోటితోనే పోగొట్టుకున్నానని తెలిస్తే నెలల తరబడి ఏడుస్తుంది అన్నారు."

కోటు మళ్ళీ మడతపెట్టాను. ఒక్కటే అడిగాను. "ఆయన రాకపోతే పోనీ. నన్నొక్కదాన్ని రమ్మని అడగొచ్చుగా?"

తను నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఆ ఆలోచనే రాలేదక్కా. మనింట్లో ఏదైనా జంటగానే కదా."

అడిగితే వెళ్ళేదాన్ని. బడికి సెలవు పెట్టి, మా ఆయన్ని చేలో వదిలేసి, అలాంటి బూట్లే వేసుకుని వెళ్ళేదాన్ని. ఎవరికీ ఆ ఆలోచన రాలేదు. నాకూ రాలేదు, ఆ క్షణం దాకా. తోడికోడలు వెళ్ళిపోయాక కూడా కుళ్ళు తగ్గిందని చెప్పను. ఎవరి మీద కుళ్ళుకోవాలో తెలియక ఇంకా ఎక్కువైంది.

సాయంత్రం మా ఆయన రేపల్లె రైలు దిగి వచ్చారు. కుర్చీలో కోటు చూశారు. కాళ్ళు కడుక్కొచ్చి, లుంగీ మీదే కోటు తొడుక్కున్నారు. జిప్పు మెడ దాకా లాగారు. ఆయనకి సరిపోయిన రెడీమేడ్ బట్ట నా కాపురంలో అదొక్కటే. ఫ్యాను కింద నిలబడి చెమటలు కక్కుతున్నారు.

"మేలో వెళ్దామా?" అన్నారు.

"మేలో పైదారులు మూసి ఉంటాయి," అన్నాను. అప్పటికీ నా నోరు ఊరుకోలేదు.

"మూసి ఉంటే ఉండనీ. కింద నిలబడి చూద్దాం."

మాఘమాసంలో పెరుగన్నం కలుపుకునే ముందు ఆయన అనబోయింది ఈ ముక్కే అయి ఉంటుంది. ఆ రోజు నేను ఆయన్ని అననివ్వలేదు.